20 అడుగుల హాలుకు ఒకటే కిటికీ: తెల్ల రంగు, ఫాల్స్ సీలింగ్ సరిపోతాయా?

చీకటిల్లు:

పాత ఇల్లు, ఒక్క అంతస్తే, పైన డాబా. హాలు 12 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు. శ్లాబు పదిన్నర అడుగుల ఎత్తులో ఉంది. వెలుతురంతా పొట్టి గోడకున్న ఒక్క కిటికీలోంచే రావాలి. అది 4 అడుగులకు 4 అడుగులు, నేల నుంచి 3 అడుగుల దగ్గర మొదలై 7 దగ్గర ఆగుతుంది. మూడు రెక్కల చెక్క కిటికీ, గోధుమ రంగు అద్దాలు, లోపల గ్రిల్లు, బయట 2 అడుగుల సజ్జ. గోడలకు కింద 4 అడుగుల దాకా చాక్లెట్ రంగు ఎనామిల్, ఆపైన వెలిసిపోయిన ఆకుపచ్చ. నేల మొజాయిక్, మాసి నల్లబడింది. హాలు వెనక నడవాలో పట్టపగలు కూడా లైటు వేయాల్సిందే. వంటింటి కిటికీకి ఎదురుగా 4 అడుగుల దూరంలో ప్రహరీ. బయటి గోడలు తొమ్మిది అంగుళాలవి.

మొత్తం తెల్ల రంగు కొట్టి, ఎనిమిదిన్నర అడుగుల ఎత్తులో ఫాల్స్ సీలింగ్ వేసి, స్పాట్ లైట్లు పెడితే ఇల్లు వెలిగిపోతుందని మేస్త్రీ అంటున్నారు. నిజమేనా? ఏది ముందు చేయాలి, ఏది దండగ?

గాజుపలక:

తెల్ల రంగు వెలుతురును పుట్టించదండీ, వచ్చినదాన్ని తిప్పి కొడుతుందంతే. రానిదాన్ని ఏం తిప్పికొడుతుంది? కాబట్టి ముందు మీ కిటికీ సంగతి చూద్దాం. టేపు పట్టుకుని మీరే కొలవండి. కొలతలు కాస్త అటూ ఇటూ ఉన్నా లెక్క ఇలాగే వస్తుంది.

గోడలో కంత 48 అంగుళాలకు 48. చుట్టూ చెక్క చట్రం 3 అంగుళాల చొప్పున పోతే 42 మిగులుతుంది. మధ్య నిలువు కమ్మీలు రెండు, ఒక్కోటి రెండున్నర అంగుళాలు, అవి పోతే 37. మూడు రెక్కలకు పంచితే ఒక్కో రెక్క పన్నెండు పైచిలుకు. రెక్క చెక్క రెండు పక్కలా రెండున్నర చొప్పున తింటుంది, అద్దానికి మిగిలేది ఏడున్నర కూడా కాదు. మూడు రెక్కల్లో కలిపి అద్దం వెడల్పు 22 అంగుళాలు. ఎత్తులో కూడా ఇలాగే కోతపడి 37 మిగులుతుంది. మొత్తం కంతలో అద్దం 35 శాతమే! అదీ గోధుమ రంగు అద్దం. అలాంటివి సుమారు సగం వెలుతురునే లోపలికి వదులుతాయి. అంటే గోడలో 16 చదరపు అడుగుల కంత పెట్టుకుని అందులో ఆరో వంతు వెలుతురు వాడుకుంటున్నారు. గ్రిల్లు, దోమల జాలి కోత ఇంకా లెక్కలోకి రాలేదు.

అదే కంతలో సన్నటి అల్యూమినియం చట్రంతో రెండు రెక్కల కిటికీ, తెల్ల అద్దం పెడితే? చట్రం 2 అంగుళాలు, రెక్క అంచు 2 అంగుళాలు అనుకోండి. అద్దం 36కు 40 వస్తుంది, కంతలో 62 శాతం. 5 మిల్లీమీటర్ల మామూలు తెల్ల అద్దం దాదాపు 88 శాతం వెలుతురును పంపుతుంది. రెండూ కలిపితే 55 శాతం. ఇటుక ముక్క కదపకుండా మూడు రెట్లు. పడమటి కిటికీ అయితే మాత్రం మామూలు తెల్ల అద్దం వద్దు, సాయంత్రం హాలు కాగిపోతుంది. అటువైపు లో-ఈ పూత (వేడిని తిప్పికొట్టే సన్నటి పొర) ఉన్న డబుల్ అద్దం తీసుకోండి. కొనేటప్పుడు రెండు అంకెలు అడగండి: వెలుతురు ప్రసారం 60 శాతం పైన, ఎండవేడి గుణకం, అంటే ఎండ వేడిలో లోపలికొచ్చే వంతు, 0.4 లోపు. నీలం, ఆకుపచ్చ, అద్దంలా మెరిసే రకాలు చూపిస్తారు. వాటిలో చాలామటుకు వేడితో పాటు వెలుతురునూ ఆపేసేవే.

స్లైడింగా, తలుపులా తెరిచేదా అంటే రెండోదే. రెండు రెక్కల స్లైడింగ్ సగమే తెరుచుకుంటుంది, గాలికి లోటు.

ఇక లోతు. కిటికీ పైఅంచు నేల నుంచి ఎంత ఎత్తులో ఉంటే, పగటి వెలుతురు సుమారు దానికి రెండింతల దూరం పనికొచ్చేలా పోతుంది. మీది 7 అడుగులు, అంటే 14 అడుగుల దాకా. హాలు 20. వెనక 6 అడుగులు ఎందుకు చీకటో తెలిసిపోయింది కదా. కిటికీని పక్కలకు పెంచితే ఇది మారదు, పైకి పెంచితేనే మారుతుంది. సజ్జ మీద, ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర అడుగుల మధ్య, పొడుగ్గా ఒక అద్దపు పట్టీ తెరవండి. సజ్జ పైభాగానికి తెల్ల రంగు వేస్తే ఆకాశపు వెలుగు దాని మీద పడి శ్లాబుకు కొట్టి వెనక దాకా వస్తుంది. ఎనిమిదిన్నర దగ్గర ఫాల్స్ సీలింగ్ వేస్తే ఈ పట్టీలో సగం మూసేసినట్టే. అందుకే సీలింగ్ ఆలోచన చివరికి పెట్టుకోండి.

రసమట్టం:

గాజుపలక గారు చెప్పిన పట్టీ మంచిదే, కానీ అందులో ఒక ప్రమాదం ఉంది. ఇది చదివి ఎవరైనా రేపే సుత్తి పట్టుకుంటారేమోనని రాస్తున్నాను.

పాత ఇళ్లలో సజ్జను, కిటికీ నెత్తిన గోడను మోసే దూలమైన లింటెల్‌తో కలిపి పోస్తారు. గోడ బయటికి 2 అడుగులు వేలాడుతున్న ఆ పలక కిందికి ఒరగకుండా పట్టుకున్నది దాని మీదున్న గోడ బరువే. 3 అంగుళాల మందం, 2 అడుగుల వెడల్పు సజ్జ మీటరు పొడవుకే 110 కిలోల పైన తూగుతుంది. సరిగ్గా దాని నెత్తినున్న ఇటుకలు తీసేస్తే ఆపేది లింటెల్ రెండు కొసలూ గోడలో కూర్చున్న ఆ కాస్త భాగమే. లింటెల్ మెలితిరుగుతుంది, సజ్జ ముందుకు ఒరుగుతుంది. ఒరిగేది కూడా మనిషి దాని మీద నిలబడి పని చేస్తున్నప్పుడే.

కాబట్టి వరుస ఇది. మొదట సజ్జ కింద జాకీలు, వాటి మీద అడ్డ దుంగ. తర్వాత సజ్జను గోడ నుంచి అడుగు దాకా మిగిల్చి, కట్టర్‌తో ముందు భాగం కోయించండి. సుత్తి దెబ్బలు వద్దు, అదురుకు లింటెల్ కిందా, కిటికీ మూలల్లోనూ పగుళ్లు పడతాయి. పలక సగమైతే బరువు సగమే, కానీ ఒరిగే బలం నాలుగో వంతుకు పడిపోతుంది. బయటపడ్డ ఇనుప చువ్వల కొసలకు తుప్పు నిరోధక పూత వేసి మోర్టార్‌తో మూయాలి, లేకపోతే ఏళ్లు గడిచేకొద్దీ అక్కడి నుంచే పెచ్చులూడతాయి. పట్టీని లింటెల్ పొడవంతా తెరవకండి. రెండు కొసల మీదా కనీసం అడుగు చొప్పున గోడ ఉంచండి, ఆ బరువే కొసలను అదిమిపడుతుంది.

పట్టీ పైన శ్లాబు ఉంది. ఒక్క అంతస్తు ఇల్లు, తొమ్మిది అంగుళాల గోడ అంటున్నారు కాబట్టి శ్లాబు నేరుగా గోడ మీదే కూర్చుని ఉండవచ్చు. మూలల్లో ప్లాస్టరింగ్ కాస్త చెక్కి చూడండి. కాంక్రీటు పిల్లరు, శ్లాబు కింద బీము కనబడితే బరువు వాటిది. ఇటుకే కనబడితే గోడే మోస్తోంది, కొత్త కంతకు కొత్త లింటెల్ తప్పదు.

గోడ మోస్తున్నప్పుడు లింటెల్‌ను సగం సగంగా పెట్టాలి. శ్లాబుకు లోపలి వైపు, గోడకు 2 అడుగుల ఎడంగా, 3 అడుగులకొక జాకీ నిలబెట్టండి. జాకీ కింద, పైన మందపాటి పలక ఉండాలి, వట్టి మొజాయిక్ మీద నిలబెడితే పలిగిపోతుంది. బయటి వైపు నుంచి నాలుగున్నర అంగుళాల లోతున గాడి కోసి ఇనుప చానెల్ దూర్చండి. అది రెండు పక్కలా గోడలోకి కనీసం 6 అంగుళాలు, వీలైతే 9 అంగుళాలు పోవాలి. చానెల్‌కూ పై ఇటుకకూ మధ్య సందును కుంచించుకుపోని గ్రౌట్‌తో గట్టిగా నింపండి. మామూలు సిమెంటు ఆరేటప్పుడు కుంచించుకుని సందు వదులుతుంది. తర్వాత జాకీ తీయగానే గోడ ఆ సందు మేరకు దిగి వెంట్రుక పగులు వస్తుంది. మూడు రోజులు ఆగి లోపలి వైపు రెండో చానెల్, రెండింటినీ బోల్టులతో బిగించడం, ఆ తర్వాతే కింది ఇటుక తీయడం. చానెల్ సైజు మీ కొలతలు చూసి స్ట్రక్చరల్ ఇంజనీరు చెప్పాలి, ఇక్కడ ఎవరూ చెప్పకూడదు.

పుట్టీబ్లేడు:

ఆ ఎనామిల్ పట్టీ గురించి ఇంకా ఎవరూ అడగలేదు. రంగు పనిలో మీకు తలనొప్పి అక్కడే.

ముందు అది ఎందుకు వేశారో తెలుసుకోవాలి. కింద 4 అడుగులకే ఎనామిల్ ఉందంటే చేతి మురికికి వేసుండొచ్చు, చెమ్మను కప్పేయడానికీ వేసుండొచ్చు. 2 అడుగుల చదరం అల్యూమినియం ఫాయిల్‌ను ఎనామిల్ గీకేసిన చోట గోడకు నాలుగు అంచులా టేపుతో గాలి చొరకుండా అంటించండి. రెండు రోజులాగి తీయండి. గోడ వైపు తడి ఉంటే చెమ్మ గోడలోంచి వస్తోంది, రంగు మాట ఇప్పుడు ఎత్తొద్దు. గది వైపు తడి ఉంటే అది గాలిలోని తేమ, గాలి ఆడేలా చేస్తే పోతుంది.

గోడ పొడిగా ఉందనుకుందాం. ఎనామిల్ మీద నేరుగా సిమెంటు పుట్టీ పెడితే ఆరిన అట్టలా మొత్తం లేచొస్తుంది, నున్నటి మీద దానికి పట్టు దొరకదు. పాత రంగు ఎంత గట్టిగా ఉందో చూడటానికి బ్లేడుతో దగ్గర దగ్గరగా అడ్డగీతలు, నిలువు గీతలు గీసి, టేపు గట్టిగా నొక్కి సర్రున లాగండి. గళ్లు టేపుతో పాటు ఊడితే మొత్తం గీకాల్సిందే. ఊడకపోతే 80 నంబరు సాండ్‌పేపరుతో మెరుపు చచ్చేదాకా రుద్ది, నున్నటి గోడలకు పట్టే బాండింగ్ ప్రైమర్ ఒక కోటు వేసి, అప్పుడు పుట్టీ. చాలా పాత ఎనామిళ్లలో సీసం ఉంటుంది, పొడిగా రుద్దకండి. తడిపి రుద్దండి, మాస్కు పెట్టుకోండి, పిల్లల్ని ఆ దరిదాపులకు రానివ్వకండి.

ఇంకోటి. నాలుగడుగుల ఎత్తులో ఎనామిల్ ఆగే చోట ఏళ్ల తరబడి పడిన కోట్లన్నీ కలిసి గోరుకు తగిలేంత గట్టు కట్టి ఉంటుంది. దాని మీద పుట్టీ లాగి వదిలేస్తే పూసిన రోజున కనబడదు. కిటికీ వెలుతురు పక్కనుంచి గోడను రాసుకుంటూ వచ్చేసరికి హాలు పొడవునా తాడు కట్టినట్టు గీత తేలుతుంది. ఆ గట్టును గీకి, పైకీ కిందికీ అడుగు చొప్పున సన్నగా సాగదీయాలి. ప్రైమర్ అయ్యాక గది చీకటి చేసి, టార్చిని గోడకు ఆనించి పొడుగునా వేయించి చూడండి. ఎగుడుదిగుళ్లన్నీ నీడలు పడతాయి, పెన్సిలుతో సున్నాలు చుట్టి మళ్లీ పట్టించండి. ఈ పని ఫైనల్ కోటు ముందు చేయించుకోండి, తర్వాత ఎవరూ వినరు.

మెటీరియల్ లెక్క: కంతలు పోగా మీ హాలు గోడలు సుమారు 580 చదరపు అడుగులు, సీలింగ్ 240. గోడలకు పుట్టీ రెండు చేతులకు (రెండు పొరలకు) 45 నుంచి 55 కిలోలు, ప్రైమర్ 5 నుంచి 6 లీటర్లు, ఎమల్షన్ రెండు కోట్లకు 9 లీటర్ల దాకా. సీలింగ్‌కు ఇంకో 4 లీటర్లు. పుట్టీ ఒక్కో చెయ్యి ఒకటిన్నర మిల్లీమీటరు దాటితే పగులుతుంది. గుంతలుంటే ముందు ప్లాస్టర్‌తో నింపండి, పుట్టీతో కాదు. కొత్త ప్లాస్టరింగ్ చేసిన చోట 28 రోజులు ఆగండి, ఆలోగా రంగు వేస్తే సున్నపు క్షారం రంగును తినేసి మచ్చలు తేలుతాయి.

ఏ తెలుపు? కిటికీ ఉత్తరానికి ఉంటే వచ్చే వెలుగు కాస్త నీలంగా ఉంటుంది, మల్లెపువ్వు తెలుపు అక్కడ బూడిద రంగులా కనబడుతుంది. చిటికెడు పసుపు కలిసిన తెలుపు తీసుకోండి. సీలింగ్ మాత్రం పూర్తి తెలుపు, మెరుపు లేని మ్యాట్. మెరుపు రంగు వేస్తే శ్లాబు వంకరలన్నీ బయటపడతాయి. షేడ్ కార్డు చూసి నిర్ణయించకండి, 2 అడుగుల అట్ట మీద రెండు కోట్లు వేసి, పొద్దున, మధ్యాహ్నం, లైట్ల కింద, హాలు వెనక గోడకు ఆనించి చూడండి. కిటికీకి ఎదురుగా ఉన్న ఆ వెనక గోడే అన్నిటికంటే లేత రంగులో ఉండాలి. వెలుతురును తిప్పి పంపేది అదే.

చీకటిల్లు:

మూడు జవాబులకూ ధన్యవాదాలండీ. ఇంకో మూడు అనుమానాలు. ఫాయిల్ పరీక్షలో గోడవైపు తడి కనిపిస్తే దారేంటి? నడవాకు శ్లాబులో చదరంగా కంత కొట్టి అద్దం వేయమంటున్నారు, చేయించొచ్చా? నేలకు పాత మొజాయిక్ మీదే టైల్స్ వేస్తే?

రసమట్టం:

తడి కనిపిస్తే ముందు బయటికెళ్లి చూడండి. బయటి నేల లోపలి గచ్చు కంటే ఎత్తుగా ఉందా, గోడ పక్కన వాననీళ్లు నిలుస్తున్నాయా, పైపు కారుతోందా. వీటిలో ఒకటి ఉంటే అది సరిచేయకుండా లోపల ఏ కెమికల్ రాసినా నీళ్లలో పోసినట్టే. తర్వాత తడి మరక ఎక్కడిదాకా ఎక్కిందో దానికి అడుగు పైదాకా ప్లాస్టరింగ్ కొట్టించి గోడను ఆరనివ్వండి. ఇటుక గోడ అంగుళం మందానికి సుమారు నెల పడుతుంది, తొమ్మిది అంగుళాల గోడకు మీరే లెక్క వేసుకోండి. అందుకే చెమ్మ పని మొదటి రోజే మొదలవ్వాలి.

శ్లాబులో చదరపు కంత నాకు ఇష్టం లేదు. చువ్వలు సాధారణంగా 5, 6 అంగుళాలకొకటి ఉంటాయి. 3 అడుగుల కంతకు బరువు మోసే చువ్వలు ఆరేడు తెగుతాయి, కంత చుట్టూ కొత్తగా బీములు కట్టాల్సి వస్తుంది. పైగా పడుకోబెట్టిన అద్దం మీద నడినెత్తిన ఎండ. నడవాకు 10 అంగుళాల వెలుతురు గొట్టం చాలు. లోపల అద్దంలా మెరిసే పూత ఉన్న గొట్టం, పైన పారదర్శక గుమ్మటం, కింద వెలుగును చెదరగొట్టే మూత. మీ శ్లాబు మందం సుమారు 5 అంగుళాలే ఉంటుంది కాబట్టి గొట్టం పొట్టిగా ఉంటుంది, వెలుతురు నష్టం దాదాపు లేదు. ఇనుము ఎక్కడుందో యంత్రంతో వెతికించి, చువ్వల మధ్యకు జరిపి కోర్ కటింగ్ (యంత్రంతో గుండ్రంగా కోయడం) చేయిస్తే ఒకటి, మహా అయితే రెండు తెగుతాయి. అదీ ఇంజనీరు సరే అన్నాకే. డాబా మీద గొట్టం చుట్టూ కనీసం 6 అంగుళాల గట్టు కట్టి, వాటర్‌ప్రూఫింగ్‌ను ఆ గట్టు మీదికి ఎక్కించండి. గట్టు లేకుండా సీలెంట్‌ను నమ్ముకుంటే ఎండకు అది బిరుసెక్కి, ఒకటి రెండు వానాకాలాల్లో కారడం మొదలవుతుంది.

గాజుపలక:

గొట్టం కంటే ముందు తలుపుల నెత్తిన చూడండి. పాత ఇళ్లలో గది తలుపు పైన వెంటిలేటర్ ఉంటుంది, దానికి అట్టముక్కో ప్లైవుడ్డో కొట్టి రంగేసి ఉంటారు. అది తీసి తెల్ల అద్దం పెడితే గదుల వెలుతురు నడవాలోకి దిగుతుంది. ఖర్చు తక్కువ, దుమ్ము తక్కువ.

వంటింటికి ఎదురున్న ప్రహరీయే మీకు ఆకాశం అనుకోండి. దానికి పైదాకా తెల్లటి మ్యాట్ ఎక్స్‌టీరియర్ రంగు వేయించి ఏడాదికోసారి కడగండి. వాననీళ్లకు నాచు పడితే మళ్లీ మొదటికొస్తుంది, ప్రహరీ నెత్తిన నీరు కారిపోయేలా బయటికి వాలు పెట్టించండి.

మొజాయిక్ మీద టైల్స్ వద్దు. బాగున్న నేలను కప్పడమే అవుతుంది, పైగా 12 నుంచి 15 మిల్లీమీటర్లు లేచి ప్రతి తలుపూ కోయాలి, గడపలు మునుగుతాయి. మొజాయిక్ నల్లబడేది పైపొరే. నీళ్లు పోస్తూ 60 నంబరు రాయితో మొదలెట్టి 120, 220, 320, ఆపైకి వెళ్లి, చివర ఆగ్జాలిక్ పొడితో పాలిష్ చేస్తే లోపలి తెల్ల చిప్స్ బయటపడతాయి. 120 అయ్యాక ఆపి, చిల్లులను అదే రంగు సిమెంటుతో పూడ్చి, ఆరాక కొనసాగించమనండి. చాలామంది ఈ మెట్టు ఎగ్గొడతారు, ఆ చిల్లుల్లోనే మళ్లీ మట్టి చేరి నేల మాసినట్టు ఉంటుంది.

టెస్టర్:

లైట్ల సంగతి. స్పాట్ లైట్లు మాత్రమే పెడితే నేల మీద వెలుగు గుండ్రాలు పడతాయి, గోడల పైభాగం, సీలింగ్ చీకటిగా ఉంటాయి. గది వెలుతురుగా ఉందని కంటికి తెలిసేది గోడలు, సీలింగ్ వెలిగినప్పుడే. అదే డబ్బుకు గుహ కొనుక్కున్నట్టు.

మీ హాలు 22 చదరపు మీటర్లు. కూర్చునే గదికి 150 లక్స్ (చదరపు మీటరు మీద పడే వెలుగు కొలత) చాలు. లేత రంగు గోడలుంటే దీపాల వెలుగులో సుమారు 55 శాతం పనికొస్తుంది, కాబట్టి దీపాలన్నీ కలిపి ఇచ్చే వెలుగు 6000 ల్యూమెన్లు కావాలి, ఎల్‌ఈడీలో దాదాపు 60 వాట్లు. ఇప్పుడున్న చాక్లెట్ గోడలతో అయితే అదే వెలుగుకు 90 వాట్లు దాటుతుంది. ఇందులో సగానికి పైగా గోడల మీదికి, సీలింగ్ మీదికి పంపండి. వెనక గోడకు రెండున్నర అడుగుల ఎడంగా, గోడను కడిగినట్టు వెలిగించే లైట్ల వరుస ఒకటి. ఫాల్స్ సీలింగ్ తప్పదనుకుంటే హాలంతా కాదు, వెనక 5 అడుగుల్లోనే, కిటికీ పట్టీకి దూరంగా. దాని అంచులో సీలింగ్ వైపు వెలిగే ఎల్‌ఈడీ పట్టీ పెట్టండి, శ్లాబుకూ పట్టీకీ కనీసం 6 అంగుళాల ఖాళీ ఉండాలి. తక్కువైతే వెలుగు పాకదు, శ్లాబు మీద తెల్ల గీత పడుతుందంతే. పట్టీ 24 వోల్టులది తీసుకోండి, 12 వోల్టులదైతే 5 మీటర్లు దాటేసరికి కొస మసకబారుతుంది. పట్టీకి సరైన కరెంటు అందించే డ్రైవర్ 20 శాతం ఎక్కువ సామర్థ్యంతో, చెయ్యి దూరే చోట పెట్టించండి. ముందు పోయేది అదే.

వెలుగు రంగు హాలుకు 3000 కెల్విన్ (కాస్త పసుపు తెలుపు), వంటగట్టుకు 4000, రంగులు ఎంత సహజంగా కనబడతాయో చెప్పే సీఆర్‌ఐ 90. ఒకే గదిలో రెండు రకాల తెలుపు కలిపితే గోడలు అతుకులేసినట్టు ఉంటాయి. వంటగట్టు మీద 300 నుంచి 500 లక్స్ కావాలి, పట్టీని పై అల్మరా కింద ముందంచుకు బిగించండి. గోడ వైపు బిగిస్తే గట్టు ముందు భాగం, అంటే కత్తి ఆడే చోటు, చీకట్లో పడుతుంది.

వైరింగ్ ఎంత పాతదో చూడకుండా పుట్టీ మొదలెట్టించకండి. ఎర్త్ వైరు లేకపోయినా, తొడుగు వంచితే పెళుసుగా విరుగుతున్నా మొత్తం మార్చాలి. ప్రతి స్విచ్ బాక్సులోకీ న్యూట్రల్ తెప్పించుకోండి, రేపు డిమ్మర్‌కో సెన్సార్‌కో గోడ మళ్లీ చెక్కక్కర్లేదు.

పుట్టీబ్లేడు:

టెస్టర్ గారి మాటకు ఒకటి కలపాలి. లైట్లు ఎక్కడొస్తాయో తేల్చాకే పుట్టీ వాళ్లను పిలవండి. గోడను కడిగేలా వెలిగే లైటు ఉన్న గోడకు టార్చి పరీక్ష రెండుసార్లు కావాలి, ఆ లైటు రోజూ రాత్రి అదే పరీక్ష పెడుతూ ఉంటుంది. వరుస కూడా: చెమ్మ, సజ్జ, లింటెల్, కిటికీ చట్రాలు, కరెంటు పైపులు, ప్లాస్టరింగ్, నేల పాలిష్‌లో 220 దాకా, పుట్టీ, ప్రైమర్, మొదటి కోటు, లైట్లు, నేల చివరి పాలిష్, అన్నిటికంటే వెనక రెండో కోటు. నేల పాలిష్ నీళ్లు గోడ మీద అడుగెత్తు దాకా చిమ్ముతాయి. రెండో కోటు ముందే కొట్టించుకున్నవాళ్లు మూడో కోటు కూడా కొట్టించుకుంటారు.